రంగులు సరిచేసే స్లైడర్లు నేతగాడి చేతికి అందాలంటే ఎలా ఉండాలి?

పానగల్లు | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. ఇక్కత్ డిజైన్లు గీసుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపినట్టే ఇందులో తెర మీద గళ్లు నింపుకోవచ్చు. పాత చీర ఫొటో తెచ్చి దాని రంగులు మార్చి కూడా చూసుకోవచ్చు. గళ్ల పని బాగానే కుదిరింది. రంగుల దగ్గర ఆగిపోయాను.

మొన్న పుట్టపాకలో మా చిన్నాన్న ముందు లాప్‌టాప్ పెట్టాను. ఆయన నలభై ఏళ్లుగా చిటికి కడుతున్న (ఇక్కత్ కోసం రంగు అంటకూడని చోట నూలుకు ముడులు వేసే) మనిషి. తెర మీద తేలియా రుమాలు అనే ఇక్కత్ బట్టలోని ఎరుపు ఉంది: ఎరుపు 200, ఆకుపచ్చ 30, నీలం 40 (ఒక్కో అంకె 0 నుంచి 255 దాకా ఉంటుంది). "ఇది మరీ కొట్టొచ్చినట్టుంది, రెండు ఉతుకులు పడ్డట్టు కావాలి" అన్నాడు. ఎరుపు స్లైడర్‌ను ఎడమకు జరిపాడు. రంగు వెలవలేదు, నల్లబడింది. వెనక్కి తెచ్చి ఆకుపచ్చ పెంచాడు, ఇటుక రంగులోకి పోయింది. నీలం పెంచాడు, గులాబీ ఛాయ వచ్చింది. పావుగంట తర్వాత మౌసు పక్కన పెట్టి, "నాకు కావలసిన రంగు నాకు తెలుసురా, దీనికి ఎలా చెప్పాలో తెలియడం లేదు" అన్నాడు.

ఇంటికి వచ్చి లెక్క వేశాను. వెలుగు మారకుండా కొంచెం వెలిసిన ఆ ఎరుపు సుమారు 176, 66, 62 దగ్గర ఉంది. అంటే ఎరుపు 24 తగ్గాలి, ఆకుపచ్చ 36 పెరగాలి, నీలం 22 పెరగాలి. ఆయన అడిగింది ఒక్క మార్పు. నేను ఆయన చేతికిచ్చినవి మూడు తాళ్లు, మూడూ మూడు వైపులకు లాగేవి. తప్పు ఆయనది కాదని అప్పుడు అర్థమైంది.

ఎలాంటి కంట్రోళ్లు పెట్టాలో మీ అనుభవంతో చెప్పండి.

---

నారాయణపేట_విద్యార్థి | శనివారం, రాత్రి 9:40

అన్నా, హెచ్‌ఎస్‌ఎల్ పెట్టండి. రంగు, గాఢత, వెలుగు అని మూడు స్లైడర్లు వస్తాయి. మాకు కాలేజీలో అదే చెప్పారు. మనిషి ఆలోచించే పద్ధతికి దగ్గరగా ఉంటుంది.

---

పిల్లలమర్రి | శనివారం, రాత్రి 11:05

తమ్ముడు చెప్పింది సరైన దారే, కానీ ఆ దారి మధ్యలో గుంత ఉంది. నేను ఆ గుంతలో పడి ఒక ప్రాజెక్టు మొత్తం తిరగరాశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

హెచ్‌ఎస్‌ఎల్‌కు దగ్గరి చుట్టమైన హెచ్‌ఎస్‌వీ పద్ధతిని ఆల్వీ రే స్మిత్ 1978లో ప్రకటించారు. హెచ్‌ఎస్‌ఎల్ కూడా అదే ఏడాది వచ్చింది. ఆనాటి యంత్రాల మీద చకచకా లెక్క తేలాలి కాబట్టి, మూడు అంకెల్లో పెద్దదీ చిన్నదీ తీసుకుని చిన్న కూడికలు, తీసివేతలతో పని ముగించారు. ఆ కాలానికి అది గొప్ప సౌకర్యం. అయితే ఆ లెక్కలో మన కన్ను ఎక్కడా లేదు.

పూర్తి పసుపును తీసుకోండి: 255, 255, 0. పూర్తి నీలాన్ని తీసుకోండి: 0, 0, 255. హెచ్‌ఎస్‌ఎల్‌లో రెండింటి వెలుగూ 50 అనే చూపిస్తుంది. కంటి లెక్కకు దగ్గరగా ఉండే సీఐఈ ల్యాబ్ పద్ధతిలో కొలిస్తే పసుపు 97, నీలం 32. పానగల్లు గారి చిన్నాన్న పసుపు అంచును నీలం చేద్దామని రంగు స్లైడర్ ఒక్కటే తిప్పితే, వెలుగు 50 దగ్గరే ఉందని తెర చెబుతుంది, చీర అంచు మాత్రం చీకటైపోతుంది. మళ్లీ ఆయన మౌసు పక్కన పెడతారు.

గాఢత సంగతి ఇంకా ఇబ్బంది. ఫొటోలో నల్ల నూలు చుక్క ఒకటి 8, 2, 2 అని ఉందనుకోండి. చూసేవారికి అది నలుపే. హెచ్‌ఎస్‌ఎల్ లెక్కలో దాని గాఢత 60 శాతం! గాఢత పెంచగానే నలుపులో ఎర్రటి నలుసులు లేస్తాయి. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప ఏమీ లేని తేలియా రుమాలు ఫొటోకు ఇంతకంటే పెద్ద హాని లేదు.

నా సలహా: తెర మీద మూడు స్లైడర్లే ఉంచండి, లోపల లెక్క మార్చండి. బ్యోర్న్ ఒట్టోసన్ 2020 డిసెంబరులో ఓకేల్యాబ్ అనే పద్ధతిని అందరూ వాడుకునేలా బయట పెట్టారు. రెండు చిన్న మాట్రిక్సులు (అంకెల పట్టికలు), మధ్యలో ఒక ఘనమూలం, అంతే. దానిలో వెలుగు, గాఢత, రంగు అని విడదీస్తే ఒకటి కదిపినప్పుడు మిగతా రెండూ చాలావరకు కదలవు. మీ 200, 30, 40 ఎరుపులో గాఢత ఒక్కటే తగ్గించి చూడండి, మీరు లెక్క వేసిన చోటికే దగ్గరగా వస్తుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఆల్బర్ట్ మన్సెల్ అనే చిత్రకళా ఉపాధ్యాయుడు 1905లోనే రంగు, వెలుగు, గాఢత అని మూడుగా విడదీసి, కంటికి సమాన దూరంలో కనిపించే మెట్లుగా రంగు ముక్కలను పేర్చాలని చూశాడు. కంప్యూటర్లు అక్కడికి తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది.

---

చిటికి_ముడి | ఆదివారం, ఉదయం 6:50

నేను పోచంపల్లిలో డిజైన్లు గీస్తాను. మా ఇంట్లో మూడు మగ్గాలు. లోపలి లెక్క మీరు చూసుకోండి. స్లైడర్ మీద ఏ మాట రాస్తారన్నది నాకు అంతకంటే ముఖ్యం.

"గాఢత" అని రాస్తే మా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోరు. "ముదురు, లేత" అని రాస్తే ముట్టుకుంటారు, కానీ తప్పుగా ముట్టుకుంటారు. ఎందుకంటే మనం "ముదురు ఎరుపు" అన్నప్పుడు ఒక్కోసారి నల్లగా ఉన్నదని అర్థం, ఒక్కోసారి నిండుగా ఉన్నదని అర్థం. "లేత" అన్నా అంతే. తెల్లబడినదీ లేతే, రంగు పలచబడినదీ లేతే. అద్దకంలో ఇవి రెండూ వేర్వేరు పనులు. రంగు పొడి తగ్గించి అద్దితే ఒక లేత వస్తుంది. అద్దిన నూలు ఎండకు వెలిస్తే వచ్చే లేత వేరు.

అందుకని ఒక మాట కాకుండా రెండు చివర్లా రెండు మాటలు రాయండి. ఒక స్లైడర్‌కు "చీకటి – వెలుగు". రెండోదానికి "వెలిసిన – నిండైన". మూడోదానికి మాటే వద్దు, ఎటు జరిపితే ఏ రంగు వస్తుందో ఆ పట్టీ మీదే రంగులు పూసి చూపించండి.

పానగల్లు తమ్ముడూ, మీ చిన్నాన్న "రెండు ఉతుకులు పడ్డట్టు" అన్నాడు చూడు, అది చాలా ఖచ్చితమైన మాట. మీ ప్రోగ్రాం ఆ మాటకు జవాబు చెప్పగలగాలి.

---

పానగల్లు | ఆదివారం, ఉదయం 8:15

అక్కా, ఈ రెండు చివర్ల మాటలు ఇప్పుడే పెడుతున్నాను. "వెలిసిన – నిండైన" కంటే మంచి మాట నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

పిల్లలమర్రి అన్నా, ఓకేల్యాబ్ రాత్రి రెండు గంటల వరకు కూర్చుని పెట్టాను. ఎరుపు మీద అద్భుతంగా పని చేసింది. పసుపు దగ్గర చిక్కు వచ్చింది. నిండైన పసుపు తీసుకుని వెలుగు తగ్గిస్తే ఒక చోట నుంచి రంగు ఎటో జారిపోతోంది, అంకెలు సున్నా కిందికి పోతున్నాయి. ఎక్కడ తప్పు చేశాను?

---

పిల్లలమర్రి | ఆదివారం, ఉదయం 9:30

తప్పు చేయలేదు. ఆ రంగు తెర మీద లేదు. ప్రతి వెలుగు దగ్గరా ప్రతి రంగుకూ ఇంత గాఢత వరకే సాధ్యం అనే హద్దు ఉంటుంది. పసుపు హద్దు పైన, తెలుపుకు దగ్గరలో బాగా విశాలం. కిందికి వచ్చేకొద్దీ ఇరుకవుతుంది. నీలం దీనికి తిరగబడి ఉంటుంది. మీరు లేని రంగును అడుగుతున్నారు కాబట్టి అంకెలు సున్నా కిందికి పోయాయి.

అంకెలను 0 నుంచి 255 మధ్యకు బలవంతంగా కత్తిరించకండి, అప్పుడే రంగు జారుతుంది. వెలుగునూ రంగునూ అలాగే ఉంచి, గాఢతను మాత్రం హద్దు లోపలికి వచ్చేదాకా తగ్గించండి. స్లైడర్ పట్టీ మీద హద్దు దాటిన భాగాన్ని సన్నటి గీతగా వదిలేయండి. ఇంతకు మించి లేదని చెయ్యి అక్కడికి వెళ్లకముందే కంటికి తెలుస్తుంది.

---

చిటికి_ముడి | ఆదివారం, ఉదయం 9:52

పసుపును చీకటి చేస్తే పసుపుగా ఉండదు, పాచి రంగు అవుతుంది. ఇది మా అమ్మకు కూడా తెలుసు. తెర కూడా అదే చెబుతోందంటే ఆ లెక్క మీద నాకు నమ్మకం కుదిరింది.

---

గద్వాల_కెమెరా | ఆదివారం, మధ్యాహ్నం 2:20

నేను గద్వాలలో స్టూడియో నడుపుతాను. ఆన్‌లైన్‌లో అమ్మేవారి కోసం చీరలు ఫొటో తీయడమే ఇప్పుడు సగం పని. మీరు ఇప్పటిదాకా ఒక్కో రంగు గురించి మాట్లాడారు. పాత చీర ఫొటో తెచ్చుకోవచ్చని పానగల్లు గారు అన్నారు కాబట్టి, ముందు ఆ ఫొటో నిజం చెబుతోందో లేదో చూడాలి. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు, మీద జరీ. నూలు వెలుగును పీల్చుకుంటుంది, పట్టు తిప్పికొడుతుంది, జరీ గదిలో ఏ దీపం ఉంటే ఆ రంగు పూసుకుంటుంది. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలో జరీ ఆకుపచ్చగా కనిపిస్తుంది. అది చూసి కొన్నవారు చీర చేతికి వచ్చాక తిప్పి పంపుతారు. నష్టం నేసినవారి నెత్తిన పడుతుంది. అందుకే ఈ విషయం నాకు చిన్నదిగా అనిపించదు.

ఫొటో సాఫ్ట్‌వేర్లలో దీనికి ఉష్ణోగ్రత స్లైడర్ ఉంటుంది, కెల్విన్ అంకెలతో. నేర్చుకున్న కొత్తలో దానితో నేను పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. మామూలు బల్బు 2700 కెల్విన్ పసుపు, పగటి వెలుగు 5500, మబ్బు పట్టిన ఆకాశం ఇంకా పైన, నీలం. అంటే అంకె పెరిగితే నీలం కావాలి కదా? స్లైడర్ అంకె పెంచితే ఫొటో పసుపు పచ్చగా మారుతుంది! కారణం ఏమిటంటే, అక్కడ మనం ఫొటో ఎలా ఉండాలో చెప్పడం లేదు, తీసినప్పుడు వెలుగు ఎలా ఉందో చెబుతున్నాం. వెలుగు నీలంగా ఉందని చెబితే సాఫ్ట్‌వేర్ దానికి విరుగుడుగా పసుపు కలుపుతుంది. తర్కం సరిగ్గానే ఉంది. మా స్టూడియోలో పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల్లో ఒక్కరికి కూడా మొదటి రోజు ఇది అర్థం కాలేదు.

అంకె తీసేయండి. "నీలం వైపు – పసుపు వైపు" అని రాయండి, కింద ఇంకొకటి "ఆకుపచ్చ వైపు – మెజెంటా వైపు". ట్యూబ్‌లైటు పచ్చదనాన్ని తీసేది ఆ రెండోదే.

ఇంకొక మాట. చాలామంది ఐడ్రాపర్ (నొక్కిన చోటి రంగును తీసుకునే పనిముట్టు) పెట్టి, ఫొటోలో తెల్లగా ఉన్నచోట నొక్కమంటారు. మంచి పద్ధతే. కానీ మన దగ్గర ఉతికిన తెల్ల బట్టకు నీలిమందు పెడతారు. అలాంటి పంచె మీద నొక్కితే ఆ నీలాన్ని కూడా తెలుపు అనుకుని ఫొటో అంతా పసుపు చేస్తుంది. నేను చీర పక్కన ఒక బూడిద రంగు కార్డు పెట్టి తీస్తాను, దాని మీదే నొక్కుతాను. మీ ప్రోగ్రాంలో ఐడ్రాపర్ దగ్గర ఈ హెచ్చరిక రెండు ముక్కల్లో రాయండి.

---

పిల్లలమర్రి | ఆదివారం, మధ్యాహ్నం 3:05

కెల్విన్ గురించి ఇంకొకటి కలుపుతాను. 3000 నుంచి 3500కు మారితే కంటికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. 8000 నుంచి 8500కు మారితే దాదాపు తెలియదు. స్లైడర్ కెల్విన్‌లో సమంగా నడిస్తే ఎడమవైపు పట్టుకోగానే ఎగిరిపోతుంది, కుడివైపు ఎంత జరిపినా కదిలినట్టు ఉండదు. పది లక్షలను కెల్విన్‌తో భాగించి ఆ అంకె మీద నడపండి. 333 నుంచి 286, అంటే 47 తేడా. అటువైపు 125 నుంచి 118, అంటే 7 తేడా. ఇప్పుడు చెయ్యి కదిలినంతే కన్నూ కదులుతుంది.

---

దేవరకొండ_మాస్టారు | ఆదివారం, సాయంత్రం 6:30

అందరికీ నమస్కారం. ఇంతవరకు శ్రద్ధగా చదివాను. ఒక అభ్యంతరం ఉంది.

నాకు పుట్టుకతో ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. ఐరోపా మూలాల మగవారిలో వందకు ఎనిమిది మందికి ఇలాంటి లోపం ఉంటుందని లెక్కలు ఉన్నాయి. మన వైపు అంతకంటే తక్కువే అంటారు, కానీ ఉన్నాం. నేను పాఠాలకు బొమ్మలు, పటాలు తయారు చేస్తాను కాబట్టి గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ రోజూ వాడతాను.

మూడో స్లైడర్‌కు మాట వద్దు, రంగులు పూసి చూపితే చాలని చిటికి ముడి గారు రాశారు. అమ్మా, ఆ పట్టీ నాకు రెండు పొడవాటి మసక ముక్కల్లా కనిపిస్తుంది. ఒకవైపు పసుపు, గోధుమల మధ్య ఏదో ఒకటి, ఇంకోవైపు నీలం. ఎరుపు ఎక్కడ ఆగి ఆకుపచ్చ ఎక్కడ మొదలైందో తెలియదు. గద్వాల గారు అంకె తీసేయమన్నారు. దయచేసి తీసేయకండి. నేను రంగు సరిచేసేది అంకెలను చూసే.

రంగులు ఉంచండి, కింద పేర్లు కూడా రాయండి: ఎరుపు, నారింజ, పసుపు, చిలకాకుపచ్చ, ఆకుపచ్చ, నీలం, వంగపండు రంగు. స్లైడర్ ఆగిన చోట ఆ పేరు మాటలో చూపించండి. పక్కన అంకె చిన్న అక్షరాల్లో ఉంటే ఎవరికీ అడ్డు రాదు.

---

చిటికి_ముడి | ఆదివారం, సాయంత్రం 7:10

మాస్టారూ, నేను రాసేటప్పుడు ఈ సంగతి నా తలలోకి రాలేదు. మీరు చెప్పిందే సరైనది. పేర్లు ఉండాలి.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను. మా దగ్గరికి వచ్చే బేరగాళ్లు ఉల్లిపొర రంగు, కనకాంబరం రంగు, నెమలికంఠం అని అడుగుతారు. ఉల్లిపొరకూ కనకాంబరానికీ తెర మీద ఒక చోటు చూపించవచ్చు. నెమలికంఠానికి ఎలా? అది పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఇంకొక రంగు. చీర మడత తిరిగితే రంగు తిరుగుతుంది. దానికి ఒక అంకె ఉండదు.

---

పానగల్లు | ఆదివారం, రాత్రి 8:00

అక్కా, నిజమే. దానికి పడుగు రంగు, పేక రంగు వేర్వేరు గళ్లుగా పెట్టి, దగ్గరి నుంచి చూస్తే దారాలు, దూరం నుంచి చూస్తే కలిసిన రంగు కనిపించేలా చేయాలి. రంగు స్లైడర్‌తో ముడిపెట్టకుండా విడిగా చేస్తాను. ఇప్పటికి పక్కన పెడుతున్నాను.

ఒక పెద్ద సందేహం మిగిలింది. మూడు స్లైడర్లు బాగుపడ్డాయి. కానీ ఇవి కూడా మా చిన్నాన్నకు అవసరమా? ఆయన జీవితంలో రంగును ఒక తాడు పట్టుకుని లాగలేదు.

---

చిటికి_ముడి | ఆదివారం, రాత్రి 8:45

ఇదే నేను చెప్పాలనుకున్నది. ఆయన రంగు ఎలా ఎంచుకుంటాడో చూశావా? కొత్త రంగు అద్దే ముందు చిన్న ముడి నూలు ముంచి, పిండి, ఆరబెడతాడు. పాత చిలప (నూలు చుట్ట) పక్కన పెడతాడు. "ఇంతకంటే కొంచెం ఎర్రగా", "దీనికంటే మాసినట్టు" అంటాడు. ఇంకొక ముడి ముంచుతాడు. ప్రతిసారీ రెండింటిని పక్కపక్కన పెట్టి ఒకటి ఏరుకుంటాడు. మనసులో ఉన్న రంగును ఉన్నపళంగా చేసి చూపించమంటే ఎవరికైనా కష్టమే. రెండింటిలో ఏది దగ్గరో చెప్పమంటే చిన్నపిల్లలు కూడా చెబుతారు.

మీ ప్రోగ్రాంలో కూడా చిలపలే పరచండి. నడుమ ఇప్పటి రంగు, చుట్టూ ఆరు: కొంచెం వెలుగు, కొంచెం చీకటి, కొంచెం నిండు, కొంచెం వెలిసినది, ఇటు వైపు రంగు, అటు వైపు రంగు. దగ్గరగా ఉన్నదాన్ని నొక్కితే అది నడుమకు వస్తుంది, చుట్టూ మళ్లీ ఆరు వస్తాయి.

---

గద్వాల_కెమెరా | ఆదివారం, రాత్రి 9:20

పాత ఫొటోషాప్‌లో వేరియేషన్స్ అని ఇలాంటిదే ఉండేది. నడుమ ఫొటో, చుట్టూ ఎరుపు ఎక్కువైతే ఎలా ఉంటుంది, నీలం ఎక్కువైతే ఎలా ఉంటుంది అని చిన్న బొమ్మలు. నేను పని నేర్చుకున్నది దానితోనే. తర్వాతి వెర్షన్లలో తీసేశారు. ఇప్పటికీ దాని లోటు నాకు తెలుస్తూనే ఉంటుంది.

దానిలో ఉన్న ఒక ఇబ్బంది మాత్రం మీరు తెచ్చుకోకండి. బొమ్మలు మరీ చిన్నవి, చిన్న బొమ్మలో కనిపించిన రంగు పెద్దదానిలో వేరుగా తోచేది. రంగు ముక్క ఒక్కటే కాకుండా, చీరలో ఆ రంగు ఉన్న భాగాన్ని చూపించండి, పక్కన ఉండే రంగులతో కలిపి.

---

పిల్లలమర్రి | ఆదివారం, రాత్రి 10:10

గద్వాల అన్న చివరి వాక్యం చాలా విలువైనది. దీనికి నేతపనిలోనే ఒక చరిత్ర ఉంది. పారిస్‌లో గోబెలిన్స్ అనే తెరల నేత కర్మాగారంలో మిషెల్ షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త అద్దకం విభాగానికి అధిపతిగా ఉండేవాడు. నీలం, ఊదా బట్టల నీడలకు వాడే నల్ల నూలు నిండుగా లేదని ఆయనకు ఫిర్యాదులు వచ్చాయి. నూలును పరీక్షిస్తే అద్దకంలో లోపం దొరకలేదు. పక్కన ఉన్న నీలం, ఊదాలే నలుపును వెలిసినట్టు చూపిస్తున్నాయని తేల్చాడు. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ 1839లో పెద్ద పుస్తకమే రాశాడు.

కాబట్టి ఆరు చిలపల వెనక నేపథ్యం తెలుపు వద్దు, మీ ప్రోగ్రాం పేరున్న నీలం పట్టీ అసలే వద్దు. మధ్యస్థంగా ఉన్న బూడిద రంగు ఒక్కటే ఉంచండి.

ఎంత దూరం మెట్టు వేయాలంటే, సీఐఈ ల్యాబ్ లెక్కలో 2.3 ప్రాంతంలో ఉండే తేడాను కనీకనిపించని తేడా అంటారు. మొదట 10 పెట్టండి. "ఇంకా దగ్గరగా" అని ఒక బటన్ ఉంచి ప్రతిసారి సగం చేయండి: 5, ఆ తర్వాత 2.5. అక్కడితో చాలు.

ఇంకొకటి, వేగం. మార్పు పదో వంతు సెకను లోపల కనిపిస్తే చెయ్యే రంగును కదుపుతున్నట్టు ఉంటుంది, దాటితే కన్ను ఎదురుచూడటం మొదలుపెడుతుంది. ఫోను ఫొటోలో 240 లక్షల చుక్కలు ఉన్నా తెర మీద కనిపించేవి సుమారు 20 లక్షలే. ముందు ఆ చిన్నదాని మీదే లెక్క చేయండి, పని పన్నెండో వంతుకు తగ్గుతుంది. మౌసు వదిలాక పెద్దదాని మీద చేయవచ్చు.

---

మిర్యాలగూడ_ఫ్లెక్స్ | సోమవారం, ఉదయం 10:15

ముద్రణ వైపు నుంచి రెండు మాటలు. మొదటిది, పాత రంగును ఎప్పుడూ పోగొట్టకండి. ఒక బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు మొదటి ఫొటో కనిపించాలి, వదిలితే మార్చినది కనిపించాలి. ఐదు నిమిషాలు ఒకే బొమ్మను చూస్తే కన్ను దానికి అలవాటు పడుతుంది. మా షాపులో రాత్రి పెళ్లి ఫ్లెక్సులు చేస్తూ ముఖాలకు ఎరుపు పెంచుతూ పోతాం, పొద్దున్నే చూస్తే అందరికీ జ్వరం వచ్చినట్టు ఉంటారు. పాతది ఒక్కసారి కనిపిస్తే అక్కడే ఆగుతాం.

రెండోది, ప్రతి స్లైడర్ మీద రెండుసార్లు నొక్కితే సున్నాకు రావాలి. అన్నీ కలిపి వెనక్కి తెచ్చే బటన్ ఉంటే చాలదు. నాలుగు మార్పుల్లో ఒక్కటే తప్పు అయినప్పుడు మిగతా మూడూ పోకూడదు.

---

గద్వాల_కెమెరా | సోమవారం, ఉదయం 11:00

నారాయణపేట ఎర్ర చీరకు ఒక హెచ్చరిక కూడా కావాలి. ఎండలో తీసిన ఫొటోలో ఎరుపు అప్పటికే 255 దగ్గర ఉంటుంది. "నిండైన" వైపు ఇంకొంచెం జరిపితే చీరలో మడతలన్నీ కలిసిపోయి ఒకే ఎర్ర మరక అవుతుంది, దారం కనిపించదు. అలా నిండిపోయిన చోట్ల గీతలు మెరిసేలా చేయండి.

---

పానగల్లు | గురువారం, రాత్రి 9:30

మూడు రోజులు కూర్చుని చాలావరకు పెట్టాను. ఫొటోలో రంగు మీద నొక్కితే చుట్టూ ఆరు చిలపలు వస్తాయి, బూడిద నేపథ్యంలో, పక్క రంగులతో సహా. మూడు స్లైడర్లు కింద, రెండు చివర్లా మాటలతో ఉన్నాయి. రంగు పట్టీ కింద మాస్టారు గారు చెప్పిన పేర్లు, పక్కన అంకె ఉన్నాయి.

ఒక చోట ఇంకా ఇబ్బంది ఉంది. ఎరుపు మాత్రమే మార్చమంటే, ఎరుపు పసుపును తాకే చోట నారింజ అంచు మిగిలిపోతోంది. ఇక్కత్‌లో అంచులు కొద్దిగా అలుముకుని ఉంటాయి కదా, అదే దాని అందం. అక్కడే తేడా కనిపిస్తోంది.

ఈ సాయంత్రం పుట్టపాక వెళ్లాను. చిన్నాన్న అదే ఎరుపు మీద నొక్కాడు. "వెలిసినది" నొక్కాడు, మళ్లీ నొక్కాడు, "ఇంకా దగ్గరగా" నొక్కి కొంచెం వెనక్కి వచ్చాడు. నాలుగు నొక్కుళ్లు. ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్లి పెట్టెలోంచి ఒక పాత చిలప తెచ్చి తెర పక్కన పట్టుకున్నాడు. సరిగ్గా కలిసింది. నా కంటికైతే రెండూ ఒకటే.

---

పిల్లలమర్రి | గురువారం, రాత్రి 10:00

చాలా సంతోషం! నారింజ అంచుకు కారణం మీరు ఎంపికను ఒక్కసారిగా ఆపేయడమే. ఫొటోషాప్‌లో ఎరుపులు అంటే రంగుల చక్రం మీద 345 డిగ్రీల నుంచి 15 డిగ్రీల వరకు పూర్తిగా, అక్కడి నుంచి ఇటు 315, అటు 45 దాకా మెల్లగా తగ్గుతూ పోతుంది. మీరు కూడా అలా వాలు పెట్టి, ఆ వాలును మనిషే జరుపుకునేలా వదలండి. ఫోను ఫొటోల్లో రంగు సమాచారాన్ని చాలాసార్లు సగం వివరంతోనే దాచుతారు, అందువల్ల కూడా అంచులో రంగు కొంత పారుతుంది. అది పూర్తిగా పోదు, వాలుతో కనిపించకుండా పోతుంది.

---

పానగల్లు | శుక్రవారం, ఉదయం 7:40

వాలు పెట్టాను, నారింజ పోయింది.

కానీ పొద్దున్నే చిన్నాన్న ఫోను చేశాడు. లాప్‌టాప్ అక్కడే వదిలి వచ్చాను. కిటికీ దగ్గర అదే చిలప పట్టుకుంటే కలవడం లేదట. తెర నీలంగా ఉంది, చిలప ఎర్రగా ఉంది అంటున్నాడు. రాత్రి కలిసినది పొద్దున ఎందుకు కలవలేదు?

---

గద్వాల_కెమెరా | శుక్రవారం, ఉదయం 8:05

రాత్రి ఏ దీపం కింద చూశారు? బల్బు అయితే చిలప మీద పడింది పసుపు వెలుగు. అప్పుడు తెర కూడా పసుపుగా ఉంటేనే రెండూ కలుస్తాయి. మీ లాప్‌టాప్‌లో పొద్దు పోగానే తెరను పసుపు చేసే సెట్టింగు ఆన్‌లో ఉందేమో చూడండి.

---

పానగల్లు | శుక్రవారం, ఉదయం 8:50

ఉంది అన్నా. ఏడు గంటలకు దానంతట అదే ఆన్ అయ్యేలా పెట్టి ఉంది. కళ్లకు మంచిదని నేనే పెట్టుకుని మరిచిపోయాను. చిన్నాన్నకు ఫోనులోనే చెప్పి తీయించాను. ఆదివారం పగలు మళ్లీ వెళ్తున్నాను. ఎరుపు, నలుపు, ఇంకా ఆయన కొత్తగా అద్దిన వంగపండు రంగు, మూడు చిలపలతో కిటికీ దగ్గర కూర్చుంటాం.

---

చిటికి_ముడి | శుక్రవారం, ఉదయం 9:15

ఎండ నేరుగా పడని కిటికీ చూసుకో తమ్ముడూ. వంగపండు రంగు చిలప పూర్తిగా ఆరిందో లేదో కూడా అడుగు. కొత్తగా అద్దినదంటున్నావు, ఏమాత్రం తేమ ఉన్నా ముదురుగా కనిపిస్తుంది, తెర మీద మళ్లీ తప్పు రంగు ఏరుకుంటారు.